రాత్రివేళ పొగ ఏమగును?

కోత యంత్రములు వచ్చినది మొదలు వరి పొలములలో గడ్డి చెల్లాచెదరుగా మిగిలిపోవుచున్నది. దానిని పోగుచేసి వామి వేయుటకు కూలీలు దొరకరు. తరువాతి పంటకు అదును తప్పునను తొందర ఒకటి. అందుచే పలువురు రైతులు పొద్దువాలిన పిమ్మట గడ్డికి నిప్పంటించి ఇంటికి పోవుచున్నారు. చల్లపూట గాలి ఆగి మంట అదుపులో ఉండునని కొందరి అభిప్రాయము. తెల్లవారులోగా పొగ ఎటో పోవునని మరికొందరి నమ్మకము.

మంట మాట ఎట్లున్నను, పొగ విషయమున ఈ నమ్మకము సరికాదు. రాత్రివేళ పొగ పోదు, ఊరిమీదనే నిలుచును. నిలుచుటయే కాక చీకటిలో రసాయనికముగా మారును. సాయంకాలము మనము వదలిన పొగ ఒకటి, తెల్లవారి మన పిల్లలు పీల్చు పొగ వేరొకటి. గత 10, 15 సంవత్సరములలో శాస్త్రజ్ఞులు ఈ మార్పును గూర్చి చాల సంగతులు తెలిసికొనిరి. అవి రైతులకును, గ్రామాధికారులకును తెలియవలసినవి.

పొగలో ఏమున్నది?

ఒక టన్ను వరిగడ్డి కాలినచో సుమారు 1,460 కిలోల బొగ్గుపులుసు వాయువు, 60 కిలోల కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు, 3 కిలోల సూక్ష్మమైన ధూళి వెలువడునని సాధారణముగా లెక్క కట్టుచున్నారు. ఈ ధూళిలో చాల భాగము 2.5 మైక్రానుల కంటె చిన్నది. మన తల వెంట్రుక మందము 50 నుండి 70 మైక్రానులు ఉండునని తలచినచో ఈ కణములెంత చిన్నవో తెలియును. ముక్కులోని వెంట్రుకలు గాని, గొంతులోని తేమ గాని వీనిని ఆపజాలవు. ఇవి ఊపిరితిత్తుల లోపలి అరల వరకు పోవును.

ఈ లెక్కలో చేరనివి మరికొన్ని కలవు. అవి కంటికి కనబడని ఆవిరులు. గడ్డిలోను, కట్టెలోను లిగ్నిన్ అను గట్టి పదార్థమున్నది. మొక్క కాడను నిలబెట్టునది ఇదియే. ఇది కాలునప్పుడు ఫినాలు జాతికి చెందిన ఆవిరులు పుట్టును. ఫినాయిలు వాసనకు కారణమైన పదార్థములును ఈ కుటుంబమునకు చెందినవే. పొగకు గల ఘాటైన వాసనలో కొంత వీనిదే. ఇవిగాక ఫ్యూరానులను ఆవిరులు, అమ్మోనియా, నత్రజని ఆక్సైడులు కూడ వెలువడును.

మంట ఎట్లు మండినదను దానిని బట్టి పొగ గుణము మారును. ఎండిన గడ్డి భగ్గున మండునప్పుడు నత్రజని ఆక్సైడులు ఎక్కువ. తడిగడ్డి, కొయ్యకాళ్ళ మొదళ్ళు మంట లేక రగులుచుండునప్పుడు ఫినాలు ఆవిరులు, కార్బన్ మోనాక్సైడు, అమ్మోనియా ఎక్కువ. సాయంకాలము అంటించిన పొలములో ఈ రెండును జరుగును. మొదట మంట, తరువాత రాత్రి పొడుగునా రగులుట. చీకటిలో జరుగు మార్పునకు కావలసిన దినుసులన్నియు ఈ విధముగా ఒకేచోట సమకూరుచున్నవి.

రాత్రి గాలికి మూత

పగటివేళ ఎండకు నేల వేడెక్కును. నేలనంటిన గాలి తేలికయై పైకి లేచును. ఆ గాలితో పాటు పొగయు వేయి మీటర్లు, అంతకు మించిన ఎత్తు వరకు పోయి పలచబడును. పొద్దు గ్రుంకిన పిమ్మట ఈ క్రమము తలక్రిందులగును. నేల త్వరగా చల్లబడును. నేలనంటిన గాలి చల్లనై బరువెక్కి క్రిందనే ఉండును. దానిపైన వెచ్చని గాలి ఉండును. చల్లగాలి పైకి లేవలేదు. వెచ్చగాలి క్రిందికి దిగదు. కుండమీద మూత పెట్టినట్లగును.

ఈ మూత ఉన్నదో లేదో తెలియుటకు యంత్రములు అక్కరలేదు. శీతకాలపు సాయంకాలమున ఊరివైపు చూడుడు. పొయ్యిపొగ కొంత ఎత్తు వరకు నిట్టనిలువుగా లేచి, అచ్చట అడ్డము తగిలినట్లు ఆగి, చాపవలె ప్రక్కలకు పరచుకొనును. ఆ చాప పరచుకొన్న ఎత్తే ఆ రాత్రికి మూత. ఆకాశము నిర్మలముగా ఉండి, గాలి కదలక, మంచు కురియు రాత్రులలో మూత మరింత క్రిందికి ఉండును. ఖరీఫు వరి కోతలు సాగు కార్తీక, మార్గశిర మాసములలో ఇట్టి రాత్రులు ఎక్కువ.

చీకటిలో జరుగు మార్పు

పగటివేళ గాలిలోని మలినములను మార్చునది సూర్యకాంతి. కాంతి వలన హైడ్రాక్సిల్ అను చురుకైన అణువు పుట్టి, పొగలోని ఆవిరులను ఒకదాని వెనుక ఒకటి ఆక్సీకరించును. కాంతి లేనిచో ఇది దాదాపుగా ఆగిపోవును. అందుచే రాత్రివేళ పొగ ఏ మార్పు లేక ఉండునని తలచుట సహజమే. కాని రాత్రికి వేరొక పనివాడు కలడు. వాని పేరు నైట్రేట్ రాడికల్.

ఇది పుట్టు విధము సులభము. పొగలోని నత్రజని డయాక్సైడు, గాలిలోని ఓజోనుతో కలియును. ఒక నత్రజని పరమాణువు, మూడు ఆమ్లజని పరమాణువులు గల అణువు ఏర్పడును. మనము పొలమునకు వేయు ఎరువులోని నైట్రేటుతో దీనికి పేరులోను, కూర్పులోను పోలిక ఉన్నను, గుణములో పోలిక లేదు. ఎరువులోని నైట్రేటు నిలుకడ గలది. ఇది మిక్కిలి చురుకైనది, దొరికిన ఆవిరితో వెంటనే కలియును. పగటివేళ ఎండ తగిలినచో ఇది కొద్ది సెకండ్లలో విచ్ఛిన్నమగును. అందుచే దీని ప్రభావము ముఖ్యముగా రాత్రియందే. 1980లో ఉల్రిక్ ప్లాట్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో రాత్రివేళ దూరపు దీపకాంతిని పరీక్షించి, మలినమైన గాలిలో ఈ అణువు ఉనికిని కనుగొనిరి.

ఈ అణువునకు మిక్కిలి ఇష్టమైన ఆహారము ఫినాలు, ఫ్యూరాను ఆవిరులే. ఫినాలులతో కలిసినపుడు నైట్రోఫినాలులు, నైట్రోకాటికాలులు అనునవి పుట్టును. ఇవి పసుపు, గోధుమ రంగు గలవి. వీనిలో కొన్ని విషస్వభావము గలవి. ఆవిరిగా ఉన్న పదార్థము ఈ మార్పు వలన బరువెక్కి, గాలిలో తేలు కణములపై పేరుకొనును. చలికి నెయ్యి పేరుకొన్నట్లు దీనిని భావింపవచ్చును. కనుక మంట ఆరిన తరువాత కూడ ధూళి పెరుగును. టన్ను గడ్డికి 3 కిలోల ధూళి అని పైన చెప్పితిమి. అది పొయ్యి విడిచినప్పటి లెక్క. రాత్రి ఆవిరుల నుండి తయారగు ధూళి దానికి అదనము.

మరియొక మార్పు కలదు. నైట్రేట్ రాడికల్ మరల నత్రజని డయాక్సైడుతో కలిసి నత్రజని పెంటాక్సైడు అగును. ఇది మంచుతో తడిసిన కణములపై నీటితో కలిసి నత్రికామ్లముగా మారును. నత్రికామ్లము అమ్మోనియాతో కలిసినచో అమ్మోనియం నైట్రేటు కణములు ఏర్పడును. ఇవి తేమను పీల్చి ఉబ్బును. పొగ కలిసిన మంచు తెల్లగా, చిక్కగా, ఎంతకును విడువకుండ ఉండుటకు ఇట్టి కణములు ఒక కారణము.

విమానములలోను, ప్రయోగశాలలోను చూచినది

2019 వేసవిలో అమెరికా ప్రభుత్వపు వాతావరణ సంస్థయగు నోవా, అంతరిక్ష సంస్థయగు నాసా కలిసి అడవి మంటలను, పంటచేల మంటలను పరిశీలించినవి. ఐడహో రాష్ట్రములోని బాయిసీ పట్టణము నుండియు, కాన్సాస్ రాష్ట్రములోని సలీనా నుండియు డి.సి.-8 అను పెద్ద విమానమును పొగలోనికి నడిపిరి. చిన్న విమానములు సాయంకాలమును, రాత్రియు ఎగిరినవి. పొగలోని నైట్రేట్ రాడికల్‌ను ఎక్కువగా మ్రింగివేయునవి ఫినాలు జాతి ఆవిరులే అని ఆ పరిశీలనలో తేలినది. వేరొక వింత కూడ కనబడినది. పొగ మిక్కిలి దట్టముగా ఉన్నచో ఎండ లోపలికి చొరదు. అట్టి పొగలో రాత్రివేళ జరుగవలసిన మార్పు పట్టపగలే జరుగుచున్నది.

2020లో గ్రీసు దేశములోని పాట్రాస్ నగరపు శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగఫలితమును ప్రకటించిరి. వారు కట్టెలు కాల్చిన పొగను పెద్ద గదివంటి సంచిలో నింపి, వెలుతురు లేకుండ ఉంచి, ఓజోను, నత్రజని డయాక్సైడు చేర్చిరి. కొద్ది గంటలలోనే పొగకణముల స్వభావము మారిపోయినది. ఎండలో మాత్రమే జరుగునని తలచిన ఆక్సీకరణము చీకటిలోను వేగముగా జరుగునని దీనివలన రుజువైనది.

ఢిల్లీ నేర్పిన పాఠము

మన దేశములో ఈ సంగతి ఢిల్లీ ప్రాంతమున బాగుగా పరిశోధింపబడినది. పంజాబులో భూగర్భజలమును కాపాడుటకై 2009లో చేసిన చట్టము వలన వరి నాట్లు జూను మధ్యకు జరిగినవి. కోతలును అదే విధముగా వెనుకకు జరిగినవి. కోతకు, గోధుమ విత్తుటకు నడుమ మిగిలిన వ్యవధి రెండు, మూడు వారములే. అందుచే అక్టోబరు, నవంబరు నెలలలో, అనగా రాత్రి మూత క్రిందికి దిగు కాలముననే, గడ్డి కాల్చుట జరుగుచున్నది. ఆ పొగ గాలివాటున ఢిల్లీ వరకు పోవుటకు ఒక రాత్రి, ఒక పగలు చాలును. దారిపొడుగునా అది మారుచునే ఉండును.

కాన్పూరు ఐ.ఐ.టి., స్విట్జర్లండులోని పాల్ షెరర్ సంస్థ మొదలగు సంస్థల శాస్త్రజ్ఞులు ఢిల్లీ శీతకాలపు రాత్రులను పరీక్షించి 2023లో ఫలితములను ప్రకటించిరి. వంటకు, చలి కాచుకొనుటకు వేయు మంటల నుండి వచ్చిన ఆవిరులు రాత్రి చలికి అతి చిన్న కణములపై పేరుకొని, కొద్ది గంటలలోనే వానిని పెద్దవిగా చేయుచున్నవని వారు కనుగొనిరి. వేరొక పరిశీలనలో మరొక విశేషము బయటపడినది. ఢిల్లీ నగరములో రాత్రివేళ వాహనముల నుండి, మంటల నుండి వచ్చు నైట్రిక్ ఆక్సైడు చాల ఎక్కువ. అది నేలదగ్గరి ఓజోనును తినివేయుటచే నైట్రేట్ రాడికల్ అచ్చట అంతగా పుట్టలేకపోవుచున్నది.

దీనినుండి పల్లెవారు గ్రహింపవలసిన సంగతి కలదు. పల్లెలో వాహనములు తక్కువ. ఓజోనును తినివేయునది తక్కువ. మన చేలమీద, ముఖ్యముగా మూతకు పైనున్న గాలిలో, పగటి ఓజోను రాత్రికి మిగిలియుండును. పొగ మేఘపు అంచులు ఆ గాలితో కలియుచోట మార్పు చురుకుగా సాగును. "ఢిల్లీ సంగతి మనకెందుకు, మనది పల్లెగాలి" అని అనుకొనుటకు వీలులేదు. ఈ మార్పునకు పల్లెగాలి నగరపు గాలికంటె అనువైనది.

తెల్లవారి ఏమి జరుగును?

పొద్దు పొడిచి నేల వేడెక్కగానే మూత కరగును. రాత్రి మూతకు పైన నిలిచి మారిన పొగ, క్రింది గాలితో కలిసి నేలకు దిగును. పిల్లలు బడికి పోవు వేళ, కూలీలు పొలమునకు పోవు వేళ, పాలు పితుకు వేళ ఇది జరుగును. అంతేకాదు. రాత్రి తడి నేలపైన, ఆకులపైన, పొగకణములపైన నత్రజని డయాక్సైడు వలన నైట్రస్ ఆమ్లము కొంత తయారై ఉండును. ఉదయపు ఎండ తగులగానే అది విడిపోయి హైడ్రాక్సిల్ అణువులను విడుచును. పగటి మార్పు దానితో ముందుగానే ఆరంభమగును. రాత్రి పనివాడు దిగినంతనే పగటి పనివాడు ఎక్కును. మిగిలిన పొగకు విశ్రాంతి లేదు.

"అట్లయిన మిట్టమధ్యాహ్నము కాల్చినచో సరిపోవునా?" అని కొందరు అడుగవచ్చును. పగటివేళ పొగ ఎక్కువ ఎత్తునకు పోయి పలచబడునన్న మాట నిజమే. కాని అది మాయము కాదు. పొరుగూరికి పోయి, అచ్చట రాత్రి అయి, అచ్చటి మూతక్రింద మారును. ఎండవేళ మంట అదుపు తప్పి ప్రక్క చేనికి, వామికి, తోటకు అంటుకొను భయమును కలదు. పొలమునకు కలుగు నష్టము మాత్రము పగలైనను, రాత్రియైనను ఒక్కటే.

గ్రామాధికారులకు ఒక మాట

గడ్డి మంటలను లెక్కించుటకు వాడు ఉపగ్రహములలో ముఖ్యమైనవి కొన్ని మన దేశము మీదుగా మధ్యాహ్నము ఒంటిగంటన్నర ప్రాంతమున పోవును. వాయవ్య భారతమున ఇటీవలి సంవత్సరములలో మంటలు సాయంకాలము 4 నుండి 6 గంటల నడుమకు జరిగినవని, ఒకేచోట నిలిచి రోజంతయు చూచు ఉపగ్రహముల వలన తెలియవచ్చినది. మధ్యాహ్నపు లెక్కలో మంటలు తగ్గినట్లు కనబడవచ్చును. కాని గాలికి లెక్కలతో పనిలేదు. సాయంకాలపు మంట రాత్రి పొగయే అగును.

కనుక పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు మంటల సంఖ్యనే గాక మంట వేళను కూడ గమనించుట మంచిది. కోతల కాలమున రాత్రి 8 గంటలకును, తెల్లవారి 6 గంటలకును ఊరి చివర నిలిచి పొగ ఏ ఎత్తున పరచుకొన్నదో చూచినచో ఆ ఊరి గాలి సంగతి చాలవరకు తెలియును. రోడ్డు ప్రక్క చేలలో సాయంకాలము మంట వేయుట మరింత ప్రమాదకరము. పొగ, మంచు కలిసి బండ్లు నడుపువారికి దారి కనబడదు.

గడ్డిని ఏమి చేయవలెను?

ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరము, 25 కిలోల పొటాషు, 400 కిలోల కర్బనము ఉండునని లెక్క. కాల్చినచో నత్రజని దాదాపు అంతయు, భాస్వరములో నాలుగవ వంతు, పొటాషులో ఐదవ వంతు పోవును. ఎకరమునకు 2 టన్నుల గడ్డి ఉన్నచో 11 కిలోల నత్రజని పొగలో పోయినట్లే. ఇది అర బస్తా యూరియాకు మించినది. డబ్బిచ్చి కొన్న నత్రజనిని మనమే గాలికి వదలి, దానినే నత్రజని ఆక్సైడుగా, అమ్మోనియాగా మన ఇంటివారు పీల్చునట్లు చేయుచున్నాము.

1. నీటి వసతి గలవారు గడ్డిని తడిపి, ఎకరమునకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు చల్లి, రోటవేటరుతో గాని, దమ్ముచక్రములతో గాని కలియదున్నవలెను. నాటుటకు రెండు, మూడు వారములు వ్యవధి ఉంచుట అవసరము. పచ్చిగా ఉన్న గడ్డి కుళ్ళునపుడు నేలలోని నత్రజనిని కొంతకాలము తనలో పట్టి ఉంచును.

2. వరి తరువాత మొక్కజొన్న వేయువారు దుక్కి లేకుండ కొయ్యకాళ్ళ నడుమనే విత్తు పద్ధతిని అవలంబింపవచ్చును. కృష్ణా, గుంటూరు మండలములలో ఇది వాడుకలో ఉన్నది.

3. గడ్డిని మోపులుగా చుట్టు యంత్రమును నలుగురు రైతులు కలిసి అద్దెకు తెచ్చుకొన్నచో ఖర్చు తగ్గును. మోపులు పశువులకు, పుట్టగొడుగుల పెంపకమునకు, పసుపు, కూరగాయల మళ్ళలో పైకప్పుగా వేయుటకు ఉపయోగపడును.

4. పశువుల మేతకు వాడువారు 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి సమముగా చల్లి, గాలి చొరకుండ కప్పి 21 రోజులు ఉంచవలెను. మేపుటకు ముందు కొంతసేపు గాలికి ఆరబెట్టవలెను. ఆరు నెలల లోపు దూడలకు ఇది పెట్టరాదు.

5. పొరపాటున నిప్పంటుకొన్న చేను, గట్టు, చెత్తకుప్ప ఏదైనను పొద్దు గ్రుంకకముందే నీటితోను, తడిమట్టితోను పూర్తిగా ఆర్పవలెను. మంట ఆరినది గదా అని వదలరాదు. రాత్రి పొడుగునా రగులు నిప్పే ఫినాలు ఆవిరులకు పుట్టిల్లు.

6. చలికాచుకొను నెగడు, భోగిమంట మన ఇండ్లలో ఎల్లప్పుడు ఉన్నవే. వానిని మానుమని చెప్పుట లేదు. కాని తెల్లవారుజాము మూత మిక్కిలి క్రిందికి ఉన్న వేళ. ఎండిన కట్టెలు, పిడకలు చిన్న మంటగా వేసి, బాగుగా మండనిచ్చి, పిదప పూర్తిగా ఆర్పవలెను. పాత టైర్లు, ప్లాస్టిక్కు, తడిచెత్త అందులో వేయరాదు.

ఉబ్బసము గలవారు, గర్భిణీ స్త్రీలు, ముసలివారు, పసిపిల్లలు ఉన్న ఇంటివారు పొగ పరచుకొన్న రాత్రులలో పొగవైపు కిటికీలు మూసికొని, ఎండ బాగుగా వచ్చి పొగ విడిపోయిన తరువాత తెరచుట మేలు.

రైతు సోదరులారా! పొలములో నిప్పంటించి ఇంటికి పోయినంతమాత్రమున పని ముగిసినట్లు కాదు. ఆ రాత్రి చీకటిలో, మనము నిద్రించు ఇంటి కప్పుపైననే, ఆ పొగ ఆవిరి నుండి ధూళిగా మారుచుండును. ఉదయమున ఆ గాలిని పీల్చువారు మన ఇంటివారే. వచ్చు కోతలకు ముందుగానే గ్రామసభలో కూర్చుండి, ఎవరి చేను ఎన్నడు కోయుదురో, గడ్డి చుట్టు యంత్రము ఎన్నడు రావలెనో, ఏ చేలలో కలియదున్నుదురో నిర్ణయించుకొన్నచో అగ్గిపుల్లతో పనియే ఉండదు. గడ్డి నేలకు బలమగును, పశువునకు మేతయగును. ఊరివారికి రాత్రి గాలి నిర్మలముగా ఉండును.